చేతులు, భుజాలు నొప్పని సైకిల్ మానేస్తున్నారా? ముందు సీటు, హ్యాండిల్ చూడండి



జీవామృతం, కషాయాలు, దేశీ విత్తనాలు చెప్పే చోట ఈ సైకిల్ సంగతేంటి అనుకుంటున్నారా? కారణం ఉంది. మేం వారంలో రెండు రోజులు మల్కాజ్‌గిరి, లాలాపేట, తార్నాక వైపు ఇళ్లకి కూరగాయలు, దంపుడు బియ్యం ఇస్తుంటాం. మా దగ్గర తీసుకునేవాళ్లలో అరవై దాటినవాళ్లు చాలామంది. పొద్దున్నే సైకిల్ తీసి ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక రౌండ్ కొట్టి వచ్చే పెద్దవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఈమధ్య వాళ్ల దగ్గర తరచుగా వింటున్న మాట ఇది: "కాళ్లు బానే ఉన్నాయి బాబూ, చేతులే ఓర్చుకోవట్లేదు. భుజం గుంజుతుంది, వేళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయి. ఇంట్లో సైకిల్ అమ్మెయ్యమంటున్నారు."

ఈ మాట పల్లెల్లో కూడా ఉంది. పొలానికి సైకిల్ మీద పోయే పెద్ద రైతులు, ఇరవై ముప్పై ఏళ్లు వీపున స్ప్రేయర్ మోసినవాళ్లు, ఇప్పుడు హ్యాండిల్ పట్టుకుంటే జబ్బ లాగేస్తోందని అంటున్నారు. అందుకే ఈసారి వీడియో, ఈ వ్యాసం రెండూ దీని మీదే.

ఒక మాట ముందే చెప్తున్నా. నేను చదివింది అగ్రికల్చర్ డిప్లొమా. డాక్టర్ని కాదు. సైకిల్‌లో సరిచేసుకునేవి, ఒంటికి చేసుకోదగ్గవి, డాక్టర్ దగ్గరికి వెళ్లి తీరాల్సినవి, ఈ మూడింటినీ విడివిడిగా చెప్తాను. చివరి భాగం మాత్రం ఎవరూ వదలకుండా చదవండి.

నొప్పి చేతిలో, తప్పు ఇంకెక్కడో

ఆకు పసుపుపచ్చగా మారితే మనం ఆకుని మాత్రమే చూడం. వేరు దగ్గర నీళ్లు నిలుస్తున్నాయా, నేల గట్టిపడిందా అని చూస్తాం. సైకిల్ మీద చేతి నొప్పి కూడా చాలావరకు అలాంటిదే. చేతుల పని హ్యాండిల్ తిప్పడం, బ్రేక్ వెయ్యడం. ఒంటి బరువు మొయ్యడం వాటి పని కాదు. బరువు ఎక్కువగా సీటు మీద, కొంత పెడళ్ల మీద ఉండాలి. సీటు, హ్యాండిల్ సరిగ్గా లేకపోతే ఆ బరువు ముందుకి జారి అరచేతుల మీద పడుతుంది. అక్కడి నుంచి మణికట్టు, మోచెయ్యి, భుజం, మెడ దాకా వరసగా పాకుతుంది.

వయసులో ఉన్నప్పుడు ఈ తప్పు తెలియదు. నడుము, పొట్ట కండలు బలంగా ఉండి ఒంటిని నిలబెడతాయి. వయసు పెరిగేకొద్దీ ఆ కండలు తగ్గుతాయి, భుజం చుట్టూ ఉండే నరాల్లాంటి కండరాల కొసలు అరుగుతాయి, మెడ ఎముకల మధ్య మెత్తదనం తగ్గుతుంది. అదే సైకిల్, అదే దారి. అయినా నలభైలో రాని నొప్పి అరవై ఐదులో వస్తుంది.

దీనికి తోడు ఇప్పుడు చాలా ఇళ్లలో పెద్దాయన తొక్కేది ఆయన కోసం కొన్న సైకిల్ కాదు. మనవడు ఇంటర్‌లో కొనిపించుకొని, బైక్ రాగానే వదిలేసిన గేర్ సైకిల్. మొద్దు టైర్లు, వెడల్పాటి తిన్నటి హ్యాండిల్, ఒళ్లు ముందుకి వంగి తొక్కేలా చేసిన ఫ్రేమ్. పద్దెనిమిదేళ్ల కుర్రాడి నడుముకి సరిపడే కొలత అది. తాతగారు దాని మీద కూర్చుంటే చేతులు చాచి హ్యాండిల్‌కి వేలాడినట్టు ఉంటుంది.

మానెయ్యడం ఎందుకు మంచిది కాదు

అరవై ఐదు దాటినవాళ్లు కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. దాంతోపాటు వారానికి కనీసం 2 రోజులు కండల బలం పెంచే కసరత్తు, 3 రోజులు తూలిపోకుండా నిలబడే కసరత్తు చెయ్యమంది. మోకాళ్ల మీద ఒంటి బరువంతా పడకుండా ఇందులో పెద్ద భాగాన్ని పూర్తిచేసే సాధనం సైకిల్. మోకాళ్ల వల్ల నడక కష్టమైనవాళ్లలో చాలామందికి సైకిల్ ఒక్కటే మిగులుతుంది. చేతి నొప్పికి భయపడి అదీ వదిలేస్తే తర్వాత మిగిలేది కుర్చీ, టీవీ.

ఇంగ్లండ్‌లో కింగ్స్ కాలేజ్ లండన్, బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్లు 55 నుంచి 79 ఏళ్ల మధ్య ఉన్న 125 మంది సైకిల్ తొక్కేవాళ్లని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ల తొడ కండలో పరిశీలించిన చాలా లక్షణాలకి వయసుతో పెద్దగా సంబంధం కనపడలేదు. ఫ్రాన్స్‌లో రాబర్ట్ మార్షాన్ అనే పెద్దాయన 2017 జనవరిలో, 105 ఏళ్ల వయసులో, ఒక గంటలో 22.547 కిలోమీటర్లు తొక్కారు. మనమెవరం ఆయనతో పోటీ పడక్కర్లేదు. వయసొక్కటే సైకిల్ దిగడానికి కారణం కాదని తెలిస్తే చాలు.

ఇక్కడే ఒక కిటుకు ఉంది. సైకిల్ కాళ్లకి వ్యాయామం ఇస్తుంది. చేతులకి, భుజాలకి మాత్రం ఒకే తీరులో గంటసేపు బిగబట్టి ఉండే శ్రమే తప్ప బలం పెరిగే పని ఇవ్వదు. అంటే రోజూ సైకిల్ తొక్కేవాళ్లు కాళ్ల బలం చూసుకొని "నాకు వ్యాయామం అయిపోయింది" అనుకుంటారు. భుజాలేమో ఏటికేడు బలహీనపడుతుంటాయి. కాబట్టి సైకిల్‌ని సరిచెయ్యాలి, భుజాలకి విడిగా పని కూడా చెప్పాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే నొప్పి మళ్లీ వస్తుంది.

మొదటి పరీక్ష: బరువు ఎక్కడ పడుతోంది?

సైకిల్‌కి డబుల్ స్టాండ్ వేసి, ముందు చక్రాన్ని ఇంట్లో ఒకరిని గట్టిగా పట్టుకోమనండి. సీటు మీద మామూలుగా కూర్చొని హ్యాండిల్ పట్టుకోండి. ఇప్పుడు రెండు అరచేతులు హ్యాండిల్ నుంచి రెండు వేళ్ల మందం పైకి లేపండి. రెండు మూడు సెకన్లు అలా ఉండగలిగితే బరువు సరిగ్గానే ఉంది. ఒళ్లు వెంటనే ముందుకి పడిపోతుంటే మీ చేతులు మొయ్యకూడని బరువు మోస్తున్నాయన్నమాట. నడిచే సైకిల్ మీద ఈ పరీక్ష అస్సలు చెయ్యొద్దు.

సైకిల్ సరిచేసే వరస

మార్పులన్నీ ఒకే రోజు చెయ్యొద్దు. మనం చేలో ప్రయోగం పెట్టేటప్పుడు ఒక మడిలో ఒక్కటే మారుస్తాం కదా, ఏది పనిచేసిందో తెలియడానికి. ఇక్కడా అంతే. పాత కొలత దగ్గర టేప్ ముక్క అంటించి, అర సెంటీమీటరో ఒక సెంటీమీటరో మార్చి, రెండు మూడు రోజులు తొక్కి చూసి తర్వాతి దానికి వెళ్లండి.

1. సీటు వాలు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. సీటు ముక్కు కిందికి వంగి ఉంటే ఒళ్లు ముందుకి జారుతూనే ఉంటుంది. ఆ జారుడు ఆపడానికి చేతులు తోస్తూనే ఉంటాయి. సీటు మీద గట్టి అట్ట పుస్తకం పెట్టి, దాని మీద మొబైల్ పెట్టి లెవెల్ చూస్కోండి. సమంగా ఉండాలి. సీటు కింద నట్టు వదులు చేసి సరిచేస్తే అయిపోతుంది. పైసా ఖర్చు లేదు. చాలామందికి సగం తేడా ఇక్కడే తెలుస్తుంది.

2. సీటు ఎత్తు. పెడల్ పూర్తిగా కింద ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు దాదాపు తిన్నగా రావాలి. అంతకన్నా ఎత్తుంటే తుంటి అటూ ఇటూ ఊగి, ఒళ్లు చేతుల మీదికి ఒరుగుతుంది. పెద్దవాళ్లు ఆగినప్పుడు కాలి మునివేళ్లు నేలకి ఆనేంత ఎత్తే పెట్టుకోవడం క్షేమం.

3. సీటు ముందుకా, వెనక్కా? హ్యాండిల్ దూరంగా ఉందని చాలామంది సీటుని ముందుకి జరుపుతారు. చూడ్డానికి సబబుగానే ఉంటుంది గానీ, సీటు మరీ ముందుకొస్తే బరువు ఇంకా ఎక్కువగా చేతుల మీదికి వస్తుంది. సీటుని మోకాలికి అనువుగా ఉన్నచోటే ఉంచి, హ్యాండిల్‌ని దగ్గరికి తెచ్చుకోవాలి.

4. హ్యాండిల్ ఎత్తు. అరవై దాటినవాళ్లకి హ్యాండిల్ కనీసం సీటుతో సమానంగా, వీలైతే రెండు మూడు అంగుళాలు పైన ఉంటే హాయి. మన పాత నల్ల సైకిళ్లలో హ్యాండిల్ మధ్య బోల్టు కొంచెం వదులు చేసి, పైన చెక్క పెట్టి సుత్తితో మెల్లగా తడితే లోపలి బిగింపు వదులుతుంది. అప్పుడు హ్యాండిల్ పైకి లేస్తుంది. దాని కాడ మీద గీత ఒకటి ఉంటుంది. ఆ గీత బయటికి కనపడేంత పైకి ఎప్పుడూ లాగొద్దు, నడుస్తుండగా ఊడి వస్తుంది. కొత్త గేర్ సైకిళ్లలో ఇలా లేపడం కుదరదు. వాటికి స్టెమ్‌ని తిరగేసి బిగించడమో, రైజర్ అనే చిన్న ముక్క వేయించడమో చెయ్యాలి. ఈ పని మెకానిక్‌తోనే చేయించండి. ఎత్తు మార్చాక బ్రేకు, గేరు వైర్లు లాగినట్టు లేకుండా రెండు వైపులా హ్యాండిల్ పూర్తిగా తిప్పి చూడమనండి.

5. హ్యాండిల్ దూరం. మోచెయ్యిని సీటు ముక్కుకి ఆనించి చెయ్యి ముందుకి చాపండి. వేలి కొసలు హ్యాండిల్ దాకా, లేదా దాని దగ్గరదాకా రావాలి. ఇది పాత మెకానిక్‌ల లెక్క, ఖచ్చితమైన కొలత కాదు గానీ అంచనాకి పనికొస్తుంది. చాలా దూరం ఉంటే పొట్టి స్టెమ్ వేయించొచ్చు. లేదా మన పాత సైకిళ్లకి ఉన్నట్టు కొసలు వెనక్కి వంగిన హ్యాండిల్ వేయించొచ్చు. మనవడి గేర్ సైకిల్‌కి ఈ ఒక్క మార్పు చేస్తే అది తాతగారి సైకిల్ అయిపోతుంది.

6. బ్రేక్ లివర్లు. బ్రేక్ మీద వేళ్లు పెట్టినప్పుడు మోచేతి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలా ఉండాలి. మణికట్టు పైకి విరిచినట్టు ఉంటే లివర్‌ని కొంచెం కిందికో పైకో తిప్పండి. లివర్ పక్కన చిన్న స్క్రూ ఉంటే దాంతో లివర్‌ని వేళ్లకి దగ్గరగా తేవచ్చు. చిన్న చేతులున్న ఆడవాళ్లకి ఇది చాలా తేడా చూపిస్తుంది. బ్రేక్ వైరు తుప్పు పట్టి గట్టిగా ఉంటే, ప్రతిసారీ పిండినట్టు పట్టుకోవడం వల్లే మోచేతి దగ్గర నొప్పి వస్తుంది. కొత్త వైరు వేయించండి.

7. గ్రిప్పులు. సన్నని గట్టి రబ్బరు గ్రిప్ అరచేతిలో ఒకే చోట గుచ్చుకుంటుంది. అరచెయ్యి ఆనేలా వెనక్కి రెక్కలాగా వెడల్పైన గ్రిప్పులు దొరుకుతాయి. మెత్తటి ప్యాడ్ ఉన్న గ్లవ్స్ కూడా మేలు.

8. టైర్లు. గాలి రాయిలాగా కొట్టిస్తే రోడ్డు మీద ప్రతి గతుకూ చేతికి కొడుతుంది. టైరు పక్కన తక్కువ, ఎక్కువ అంకెలు అచ్చేసి ఉంటాయి. మీ బరువు మరీ ఎక్కువ కాకపోతే వాటి మధ్యలోనే కొట్టించండి.

9. హ్యాండిల్ గుండ్లు. ముందు చక్రం కొంచెం పైకెత్తి చూడండి. హ్యాండిల్ తనంతట తను అటో ఇటో వాలిపోవాలి. బిగుసుకుపోయి ఉంటే లోపల గుండ్లు పాడయ్యాయి, లేదా గ్రీజు ఎండిపోయింది. అలాంటి సైకిల్‌ని తిన్నగా నడపడానికే భుజాలు రోజంతా కుస్తీ పడతాయి.

10. బరువులు. ఇది మా కస్టమర్లకి ప్రత్యేకంగా చెప్తున్నా. నాలుగైదు కేజీల కూరగాయల సంచి హ్యాండిల్‌కి ఒక పక్క తగిలించుకొని వెళ్లొద్దు. సైకిల్ ఆ పక్కకి లాగుతుంటే రెండో చెయ్యి దాన్ని ఆపుతూ ఉంటుంది. వెనక క్యారియర్ మీద కట్టుకోండి, లేదా బుట్ట పెట్టించుకోండి. ఊళ్లో పాల క్యాన్లు, గడ్డి మోపు పెట్టేవాళ్లకీ ఇదే మాట.

తొక్కేటప్పుడు

హ్యాండిల్‌ని కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోండి. జారిపోకూడదు, నలగకూడదు. మోచేతులు కొంచెం వంచి ఉంచండి. చెయ్యి కర్రలాగా తిన్నగా బిగిస్తే ప్రతి కుదుపూ నేరుగా భుజం కీలుకి చేరుతుంది. వంగిన మోచెయ్యి స్ప్రింగులాగా పనిచేస్తుంది. భుజాలు చెవుల దగ్గరికి ఎక్కిపోతుంటాయి, మనకి తెలియదు. అయిదు నిమిషాలకోసారి ఊపిరి వదులుతూ వాటిని కిందికి దించండి. గ్రిప్ మీద చేతిని కొంచెం లోపలికి, కొంచెం బయటికి మారుస్తూ ఉండండి.

క్యాంపస్‌లో తొక్కేవాళ్లకి ఒక సంగతి. అక్కడ రోడ్డు అంతా ఒకే మట్టం కాదు, ఎత్తుపల్లాలు ఉంటాయి. ఎక్కేటప్పుడు కాళ్లకి పని, దిగేటప్పుడు చేతులకి పని. వాలులో ఒళ్లు ముందుకి వస్తుంది, దానికి తోడు బ్రేక్ పట్టుకొని ఉంటాం. అందుకే నొప్పి ఉన్న రోజుల్లో వాలు తక్కువ ఉన్న దారి చూసుకొని అక్కడే తిరగండి. స్పీడ్ బ్రేకర్ వస్తే వేగం తగ్గించి, రెండు పెడళ్లు సమంగా పెట్టి, సీటు మీద నుంచి కొంచెం లేచి, మోచేతులు వంచి దాటండి. ఆర్ట్స్ కాలేజీ ముందుకి చేరగానే ఆగండి. 1939 నాటి ఆ రాతి కట్టడాన్ని చూస్తూ రెండు నిమిషాలు భుజాలు తిప్పండి. ఇరవై నిమిషాలకోసారి ఇలా ఆగితే చాలా నొప్పులు మొదలే కావు.

మెడ గురించి చాలామంది పట్టించుకోని విషయం కళ్లజోడు. ముందుకి వంగి తొక్కేటప్పుడు కళ్లద్దాల పై అంచు అడ్డమొస్తుంది. దూరం చూడ్డానికి గడ్డం పైకెత్తి మెడ వెనక్కి విరుస్తాం. అరగంట అలా ఉంటే మెడ నుంచి భుజం దాకా లాగుతుంది. హ్యాండిల్ ఎత్తు పెంచితే ఇదీ తగ్గుతుంది. హెల్మెట్ ముందు రేకు కళ్లకి అడ్డం రాకుండా చూస్కోండి. తార్నాక జంక్షన్ లాంటి చోట వెనక వచ్చే బస్సు కోసం మెడ తిప్పడం పెద్దవాళ్లకి కష్టం, ప్రమాదం కూడా. హ్యాండిల్‌కి చిన్న అద్దం పెట్టించండి. జంక్షన్‌లో దిగి నడిపించుకుంటూ దాటితే ఇంకా మంచిది.

ఏ నొప్పి ఏం చెప్తోంది?

చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచు మీద, చిటికెన వేలి వైపు, బరువు పడి అక్కడి నరం నలుగుతోందని అనుమానించాలి. గ్రిప్పు, హ్యాండిల్ ఎత్తు చూడండి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కి, రాత్రి నిద్రలో కూడా చెయ్యి విదిలించుకోవాల్సి వస్తుంటే మణికట్టు మధ్యలో నరం ఒత్తుకుపోతూ ఉండొచ్చు. మణికట్టు వంపు సరిచెయ్యండి, డాక్టర్‌కి చూపించండి.

మెడ తిప్పితే చేతిలోకి కరెంటు పాకినట్టు ఉంటే మూలం మెడలో ఉండొచ్చు. చెయ్యి పక్క నుంచి పైకి ఎత్తేటప్పుడు మధ్యలో ఒకచోట కలుక్కుమని, పూర్తిగా ఎత్తాక తగ్గుతుంటే భుజం చుట్టూ ఉండే నాలుగు చిన్న కండరాల కొసలు ఒరుసుకుంటూ ఉండొచ్చు. మందు డబ్బా వీపున వేసుకొని ఏళ్ల తరబడి ఒక చేత్తో పంపు కొట్టిన రైతుల భుజాల్లో ఈ అరుగుదల ఉండే అవకాశం ఎక్కువ.

చొక్కా చెయ్యి తొడుక్కోవడం, వీపు రుద్దుకోవడం, జడ వేసుకోవడం కుదరకుండా, వేరేవాళ్లు లేపినా చెయ్యి లేవకుండా ఉంటే అది భుజం పట్టెయ్యడం, అంటే ఫ్రోజెన్ షోల్డర్ కావొచ్చు. ఇది ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ల మధ్య మొదలవుతుంది, షుగర్ ఉన్నవాళ్లలో మరీ ఎక్కువ. ఇది తగ్గడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది రెండేళ్లు పడుతుంది. దీన్ని బలవంతంగా లాగించడం, తెలియనివాళ్లతో విరిపించడం చెయ్యొద్దు. షుగర్ పరీక్ష చేయించుకొని ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లండి. హ్యాండిల్ మీద అదుపు రాకపోతే అప్పటిదాకా రోడ్డు మీదికి సైకిల్ తియ్యొద్దు. ఇంట్లో కదలకుండా ఉండే వ్యాయామ సైకిల్ ఉంటే కాళ్ల పని ఆపక్కర్లేదు.

భుజాలకి రోజూ పది నిమిషాలు

వీడియోలో ఇవన్నీ చేసి చూపించాం. తియ్యగా లాగినట్టు ఉంటే ఫరవాలేదు. పొడిచినట్టు నొప్పి వస్తే ఆపెయ్యాలి. మర్నాటికి కూడా నొప్పి ఎక్కువగా ఉంటే లెక్క సగానికి తగ్గించండి.

సైకిల్ ఎక్కే ముందు: భుజాలు వెనక్కి గుండ్రంగా 10 సార్లు తిప్పండి. టేబుల్ మీద ఒక చెయ్యి ఆనించి కొంచెం వంగి, రెండో చెయ్యిని గడియారం లోలకంలా వదిలేసి మెల్లగా ఊపండి, ఒక్కో చేతికి అర నిమిషం. మణికట్టు పైకీ కిందికీ 10 సార్లు.

దిగిన తర్వాత: తలుపు చట్రానికి రెండు ముంజేతులు ఆనించి ఒక అడుగు ముందుకేస్తే ఛాతీ తెరుచుకుంటుంది, 20 సెకన్లు ఉండండి. గోడ మీద వేళ్లతో చీమలా పైకి పాకించి, వెళ్లినంత దాకా వెళ్లి దించండి, 10 సార్లు. గడ్డాన్ని వెనక్కి లాగి, అంటే తల వంచకుండా మెడ నిటారుగా చేసి, 5 సెకన్లు ఉంచండి, 10 సార్లు. తల తిరిగే అలవాటు ఉన్నవాళ్లు మెడ కసరత్తులు డాక్టర్‌ని అడిగి చెయ్యండి.

వారానికి 2 రోజులు బలం కోసం: దీనికి జిమ్ అక్కర్లేదు, పాత సైకిల్ ట్యూబ్ చాలు. పగుళ్లు లేని ట్యూబ్‌ని కడిగి, పొడవునా ఒక మీటరు పట్టీ కోసుకోండి. దాన్ని కిటికీ ఊచకి కట్టి, మోచెయ్యి నడుముకి ఆనించి, ముంజేతిని బయటికి లాగండి. 10 సార్లు, ఒక్కో చేతికి రెండు విడతలు. తర్వాత రెండు చేతులతో పట్టీని పొట్ట వైపు లాగుతూ వీపు మీద రెక్కలు రెండూ దగ్గరికి తెండి, 10 సార్లు. గోడకి ఎదురుగా నిలబడి గోడ దండీలు 10. వెల్లకిలా పడుకొని మోకాళ్లు వంచి నడుము పైకెత్తడం 10 సార్లు. నడుము కసరత్తు చేతి నొప్పికి ఎందుకంటారా? నడుము నిలబడితేనే చేతుల మీద బరువు తగ్గుతుంది.

నూనె, కాపడం, మాత్ర, తిండి

పట్టేసినట్టున్న భుజానికి వేడి కాపడం, గోరువెచ్చని నువ్వుల నూనె మర్దనా హాయినిస్తాయి. తప్పకుండా చేస్కోండి. కానీ సీటు ముక్కు కిందికి ఉన్నంతకాలం ఎంత నూనె రాసినా రేపు మళ్లీ అదే నొప్పి. కొత్తగా బెణికి వాచిన చోట వేడి కాదు, గుడ్డలో చుట్టిన ఐసు 10, 15 నిమిషాలు పెట్టాలి. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లు వేడి గానీ ఐసు గానీ ఎక్కువసేపు పెట్టుకోవద్దు.

మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకోవడం మాత్రం పెద్ద వయసులో మంచిది కాదు. బీపీ, కిడ్నీ, గుండె జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లకి ఆ మాత్రలు ముప్పు తేవచ్చు. డాక్టర్ రాస్తేనే వేసుకోండి.

కండ నిలవాలంటే తిండిలో మాంసకృత్తులు ఉండాలి. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్ వచ్చి తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి రోజుకి కేజీ బరువుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 60 కేజీల మనిషికి సుమారు 50 గ్రాములు. రెండు పూటలా అన్నం, చారు, పచ్చడితో సరిపెట్టుకునే పెద్దవాళ్లకి ఇది అందదు. రోజూ గిన్నెడు పప్పు, పెరుగు, గుప్పెడు వేరుశనగ గుళ్లు, తినేవాళ్లయితే గుడ్డు ఉండేలా చూస్కోండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఎంత తినాలో డాక్టర్‌ని అడగాలి.

ఇవి ఉంటే సైకిల్ దిగి ఆసుపత్రికి

దయచేసి ఈ భాగం ఇంట్లో అందరితో చదివించండి.

చేతి నొప్పి ప్రతిసారీ సైకిల్ తప్పే కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చి, ఆగితే తగ్గిపోయే చేతి నొప్పి, దవడ నొప్పి, ఛాతీ బరువు గుండెకి సంబంధించినవి కావొచ్చు. భుజం నొప్పి అయితే సాధారణంగా చెయ్యి కదిపినప్పుడో నొక్కినప్పుడో మారుతుంది. గుండె నొప్పి శ్రమతో వస్తుంది. ఎడమ చేతికే రావాలని లేదు. కుడి చేతికి, రెండు చేతులకీ, వీపుకీ రావచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, చెమటలు, వాంతి వచ్చినట్టు ఉండటం మాత్రమే కనపడొచ్చు. "ఇంటికెళ్లి కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే" అని మళ్లీ సైకిల్ ఎక్కొద్దు. అక్కడే కూర్చొని 108కి ఫోన్ చెయ్యండి. అనుమానం తప్పయితే నష్టం ఒక గంట. నిజమైతే ఆ గంటే ప్రాణం.

ఒక్కసారిగా ఒక చెయ్యి పడిపోయినట్టయి, మాట తడబడి, మూతి వంకరపోతే అది పక్షవాతం కావొచ్చు. దానికీ వెంటనే 108.

ఇంకా, పడ్డాక చెయ్యి పైకి లేవకపోయినా, చేతిలో గ్లాసు జారిపోతున్నా, రాత్రిళ్లు నిద్రపట్టనంత నొప్పి ఉన్నా, నొప్పితో పాటు జ్వరం వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌కి చూపించండి. రెండు మూడు వారాలు సైకిల్ సరిచేసి, కసరత్తు చేసినా తేడా లేకపోతే కూడా వెళ్లాలి.

నాలుగు వారాల పద్ధతి

మొదటి వారం సీటు వాలు, ఎత్తు సరిచెయ్యండి. రోజుకి 10, 15 నిమిషాలే, మీ వీధిలోనే తొక్కండి. రెండో వారం హ్యాండిల్ ఎత్తు, దూరం. 20 నిమిషాలు. ట్యూబ్ కసరత్తు మొదలుపెట్టండి. మూడో వారం గ్రిప్పు, బ్రేకు, టైరు గాలి. మధ్యలో ఒకసారి ఆగుతూ అరగంట. నాలుగో వారం నొప్పి తగ్గితే క్యాంపస్‌లో మీ పాత రౌండ్. నోటుబుక్‌లో రోజూ మూడే రాయండి: ఎంతసేపు తొక్కాం, ఏం మార్చాం, నొప్పి పదికి ఎంత. నెలాఖరుకి ఏది పనిచేసిందో ఆ కాగితమే చెప్తుంది, డాక్టర్ దగ్గరికి వెళ్లినా అది పనికొస్తుంది.

ఇవన్నీ చేసినా ఎత్తులు ఎక్కడం భారంగా ఉంటే పెడల్‌తో పాటు మోటారు సాయం చేసే ఎలక్ట్రిక్ సైకిల్ ఒక దారి. మోటారు 250 వాట్లు, వేగం గంటకి 25 కిలోమీటర్లు దాటని వాటికి మన దేశంలో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కొనే ముందు ఆ రెండు అంకెలూ బిల్లులో ఉన్నాయో లేదో చూస్కోండి. సైకిల్ బరువు ఎక్కువ ఉంటుంది కాబట్టి గేటు మెట్టు ఎక్కించడం మీ వల్ల అవుతుందో లేదో కూడా చూడాలి.

ఇంట్లో పిల్లలకి ఒక మాట. నాన్నగారి సైకిల్ అమ్మేసే ముందు ఒక ఆదివారం పొద్దున ఆయన్ని సీటు మీద కూర్చోబెట్టి, పక్క నుంచి ఒక ఫోటో తియ్యండి. నడుము ఎంత వంగింది, చేతులు ఎంత చాచారు, సీటు ఎటు వాలింది అని ఆ ఫోటోలో చూడండి. ఒక పానా, ఒక గంట సమయం. ఆ తర్వాత కూడా కుదరకపోతే అప్పుడు అమ్మకం మాట ఆలోచించొచ్చు.